తప్పు చేతిదా, గుడ్డుదా?

రంజాన్ మాసం గడిచిన కొద్ది రోజులకు ఒక సోదరి వ్రాసిన ఉత్తరం మాకు అందింది. ఆమె కోస్తా ప్రాంతంలోని ఒక పట్టణానికి కోడలిగా వెళ్ళి ఇంకా ఏడాది నిండలేదు. చివరి పది రోజుల్లో ఒకనాడు మొహల్లా మస్జిదుకు ఇఫ్తార్ పంపే వంతు వాళ్ళ ఇంటికి వచ్చింది. ఖర్జూరాలు, పండ్లు, శనగలు, వాటితోపాటు మనిషికొక ఉడికించిన గుడ్డు పంపాలని ఇంటి పెద్దలు నిర్ణయించారు. ఎనభై గుడ్లు. వాటిని ఉడికించి ఒలిచే పని కొత్త కోడలికి అప్పగించారు.

ఆ తర్వాత జరిగిందేమిటో గుడ్లు ఒలిచిన ప్రతి స్త్రీకీ తెలుసు. మొదటి గుడ్డు పెంకుతోపాటు తెల్లసొన ముక్క ఊడి వచ్చింది. రెండవదీ అంతే. నెమ్మదిగా గిల్లితే పెంకు పేలికలుగా వస్తోంది, గట్టిగా లాగితే సగం గుడ్డు వస్తోంది. సగానికి పైగా గుడ్లు గుంటలు పడి, పచ్చసొన బయటికి కనిపిస్తూ, మస్జిదుకు పంపడానికి పనికిరాకుండా పోయాయి. సాయానికి వచ్చిన ఇరుగుపొరుగు స్త్రీల ఎదుట అత్తగారు ఒక మాట అన్నారట: "గుడ్డు ఒలవడం కూడా మీ అమ్మ నేర్పలేదా అమ్మాయ్?" భర్త గుమ్మంలోనే ఉన్నాడు. ఏమీ అనలేదు.

ఆ సోదరి మమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగింది. నా చేతిలో లోపం ఏమిటి అన్నది మొదటిది. ఉపవాసపు రోజున అన్ని గుడ్లు పాడుచేసినందుకు దుబారా పాపం నా మీద ఉంటుందా అన్నది రెండవది. రెండవ ప్రశ్న చదివాక ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టలేకపోయాము.

గుడ్డు గురించి ఇంత చర్చ అవసరమా అని ఎవరైనా అనుకోవచ్చు. జుమా నమాజుకు ముందుగా వచ్చేవారి పుణ్యాన్ని గురించి హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు ఉంది. అందులో దైవప్రవక్త (స) మొదటి ఘడియలో వచ్చినవారిని ఒంటెను సమర్పించినవారితో పోలుస్తూ ప్రారంభించి, ఆవు, పొట్టేలు, కోడి అంటూ క్రమంగా దిగివచ్చి, ఐదవ ఘడియలో వచ్చినవారి దగ్గర గుడ్డును ప్రస్తావించారు. వరుసలో అది చివరిదే అయినా సమర్పణల పట్టికలో గుడ్డుకు చోటు దక్కింది. ఉపవాసి చేతికి అందే గుడ్డును చిన్న విషయమని త్రోసిపుచ్చడానికి మాకు మనసొప్పలేదు.

ఉత్తరం చివర్లో, ఏదో సంజాయిషీ ఇస్తున్నట్లుగా, ఆమె ఒక వాక్యం చేర్చింది. మామగారికి తెలిసిన ఫారం నుండి ఆ రోజు తెల్లవారుజామునే తాజా గుడ్లు తెప్పించారట, గుడ్ల నాణ్యతలో మాత్రం ఏ లోటూ లేదట! సోదరీ, నీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ వాక్యంలోనే ఉంది. నీ చేతిలో లోపమేమీ లేదు. ఆ గుడ్లు మరీ తాజావి. అందుకే ఒలవడానికి రాలేదు.

ఇది చాలామందికి వింతగా తోస్తుంది. తాజాదనమే మంచిదని మనం నమ్ముతాము, చాలా వాటి విషయంలో ఆ నమ్మకం సరైనదే. ఆమ్లెట్టుకు, ఖగీనాకు, పెనం మీద పగలగొట్టి వేసే గుడ్డుకు ఎంత తాజాది అయితే అంత మంచిది. తెల్లసొన చెదరకుండా నిలుస్తుంది, పచ్చసొన గుండ్రంగా పొంగి ఉంటుంది. కానీ ఉడికించి ఒలవవలసిన గుడ్డుకు కొంత వయసు రావాలి. ఎందుకో తెలియాలంటే గుడ్డు లోపలి నిర్మాణాన్ని కాస్త చూడాలి.

పెంకు మనకు రాయిలా కనిపిస్తుంది గానీ దానికి కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాలు వేలకొద్దీ ఉంటాయి. పెంకు లోపలివైపున ఒకదానినొకటి అంటిపెట్టుకొని రెండు పలుచని పొరలు ఉంటాయి. వెడల్పుగా ఉండే కొన వద్ద మాత్రం ఆ రెండు పొరలూ విడిపోయి, వాటి మధ్య ఒక చిన్న గాలి గది ఏర్పడుతుంది. ఉడికించిన గుడ్డును ఒలిచినప్పుడు ఒక వైపున కనిపించే చదునైన గుంట దాని గుర్తే. పొరలకు లోపల తెల్లసొన, దాని నడుమ పచ్చసొన.

ఈ పొరకు అరబీ భాషలో ప్రత్యేకంగా ఒక పదమే ఉంది, గిర్ఖి అంటారు. దివ్యఖుర్ఆన్ సాఫ్ఫాత్ సూరా 49వ ఆయతులో స్వర్గపు స్త్రీలను భద్రంగా దాచబడిన గుడ్లతో పోల్చడం జరిగింది. ఆ ఉపమానాన్ని వివరిస్తూ వ్యాఖ్యాతల్లో కొందరు పెంకును ఆనుకొని ఉండే ఈ పలుచని పొర నాజూకుతనాన్ని ప్రస్తావించారు. ఇంకా ఏ చేయీ తాకని, పెంకు చాటున ఉన్న తెల్లదనమే అక్కడ ఉద్దేశ్యమన్న అర్థానికి ఇమామ్ తబరీ మొగ్గు చూపారు. వంటగదిలో కూర్చొని గుడ్డు ఒలిచే స్త్రీకి తఫ్సీర్ గ్రంథంలోని ఈ మాట ఎంత సులువుగా అర్థమవుతుందో కదా.

మన కష్టమంతా ఈ పొర దగ్గరే. కోడి అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది. తాజా గుడ్డు తెల్లసొన కాస్త మసకగా కనిపించడానికి కారణం ఇదే. ఆ వాయువు ఉన్నంతకాలం తెల్లసొనలో క్షారగుణం తక్కువగా ఉంటుంది. శాస్త్రజ్ఞుల కొలమానంలో చెప్పాలంటే దాని పీహెచ్ సుమారు 7.6. అటువంటి తెల్లసొన ఉడికినప్పుడు లోపలి పొరకు గట్టిగా అతుక్కుంటుంది. రోజులు గడిచే కొద్దీ ఆ వాయువు పెంకు రంధ్రాల గుండా మెల్లగా బయటికి పోతుంది, తెల్లసొన క్షారగుణం పెరిగి పీహెచ్ 9 దాటుతుంది. అప్పుడు ఉడికిస్తే పొరకూ తెల్లసొనకూ మధ్య పట్టు సడలుతుంది. దీనికితోడు తేమ కూడా కొంత ఆవిరైపోవడం వల్ల గాలి గది పెద్దదవుతుంది, వేలు దూర్చడానికి చోటు దొరుకుతుంది.

మన తెలుగు నేలకు ఇక్కడ ఒక చిత్రమైన సంబంధం ఉంది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానంలో ఉంది, తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉంది. అనపర్తి, తణుకు చుట్టుపక్కల ఫారాల నుండి బయలుదేరిన గుడ్లు లారీల్లో తూర్పు, ఈశాన్య రాష్ట్రాల దాకా ప్రయాణిస్తాయి. రోజుల తరబడి ప్రయాణించి అక్కడి వంటింటికి చేరిన గుడ్డు ఒలవడానికి చక్కగా వస్తుంది. ఫారం పక్కనే ఉన్న మనకు మాత్రం నిన్నటి గుడ్డు ఈరోజు చేతికొస్తుంది, ఆ దగ్గరితనమే మనల్ని ఏడిపిస్తుంది. ఇంటి వెనుక గూట్లో నుండి వెచ్చగా తీసుకొచ్చిన నాటుకోడి గుడ్డయితే మరీ మొండిది. పిల్లవాడికి బలమని తల్లి ప్రేమగా దాన్నే ఉడకబెడుతుంది, సగం పెంకుతో పారేస్తుంది.

కాబట్టి ఉడికించాలనుకున్న గుడ్లను ముందుగానే కొని పెట్టుకోవాలి. బయట ఉంచితే మూడు నాలుగు రోజులు, ఫ్రిజ్‌లో ఉంచితే వారం పది రోజులు ఆగితే మంచిది. మండు వేసవిలో మాత్రం బయట ఎక్కువ రోజులు ఉంచకూడదు. అనుమానం వస్తే గిన్నెడు నీళ్ళలో వేసి చూడండి. అడుగున అడ్డంగా పడుకుంటే అది కొత్త గుడ్డు. అడుగునే ఉండి వెడల్పు కొన పైకి లేస్తే ఉడికించడానికి తగిన వయసు వచ్చినట్లు. నీటిపైకి తేలిందంటే బాగా పాతబడింది, అటువంటిది వండకపోవడమే క్షేమం. పగిలిన గుడ్డును కూడా అలా నిల్వ పెట్టవద్దు.

ఇక రెండవ కారణం. దాదాపు ప్రతి ఇంట్లోనూ గుడ్లను చల్లని నీళ్ళలో వేసి, ఆ తర్వాత పొయ్యి వెలిగిస్తారు. గుడ్లు పగలకుండా ఉంటాయని పెద్దలు నేర్పిన పద్ధతి ఇది. పగలడం తగ్గుతుందన్న మాట నిజమే. కానీ నీళ్ళు మెల్లగా వేడెక్కుతున్నప్పుడు తెల్లసొన కూడా మెల్లగా గట్టిపడుతుంది, ఆ తీరికలో అది పొరను అంటుకుపోతుంది. అదే గుడ్డును ఒక్కసారిగా మరిగే నీటిలోకో, సలసలమనే ఆవిరిలోకో దించితే బయటి అంచున ఉన్న తెల్లసొన వెంటనే బిగుసుకుంటుంది. అది పొరతో కలిసిపోకుండా తనలో తానే ముద్దకడుతుంది.

సోదరి ఉత్తరం అందాక ఈ మాటను మా ఇంట్లోనే పరీక్షించి చూశాము. ఒకే అట్టలోని, ఒకే రోజు కొన్న గుడ్లు తీసుకున్నాము. కొన్నింటిని చల్లని నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టాము, కొన్నింటిని మరిగే నీటిలోకి దించాము, మిగతావి ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించాము. చల్లని నీళ్ళవి ఒలిచేసరికి మాకు ఆ సోదరి బాధ పూర్తిగా అర్థమయింది. మరిగే నీటిలోవి ఒకటి రెండు తప్ప అన్నీ నున్నగా వచ్చాయి. వాటిలో ఒకటి మాత్రం దించగానే పగిలింది. ఇడ్లీ పాత్రలోవి పగలలేదు, పెంకు పెద్ద పెద్ద బిళ్ళలుగా ఊడి వచ్చింది. అప్పటి నుండి మా ఇంట్లో గుడ్లకు ఇడ్లీ పాత్రే ఖాయమయింది. నీటిలోలాగా గుడ్లు ఒకదానికొకటి కొట్టుకోవు, నీళ్ళూ గ్యాసూ కూడా తక్కువ పడతాయి.

పద్ధతి ఇది. ఫ్రిజ్‌లోని గుడ్లయితే అరగంట ముందు బయట పెట్టాలి. ఉడికించడానికి ముందు ప్రతి గుడ్డునూ శుభ్రంగా కడగాలి. ఈ మాట ఆరోగ్యం కోసం మాత్రమే చెప్పడం లేదు. కోడి రెట్ట నజాసత్ అని, అంటే అపవిత్ర పదార్థమని, ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతున్నాయి. అది అంటి ఉన్న గుడ్డును అలాగే వేస్తే గిన్నెలోని నీళ్ళన్నీ దానితో కలుషితమవుతాయి. అయితే కొని తెచ్చిన వెంటనే కడిగి దాచవద్దు. పెంకు మీద సహజంగా ఉండే రక్షణ పూత కడిగితే పోతుంది, రంధ్రాలు తెరుచుకుంటాయి, గుడ్డు త్వరగా పాడవుతుంది. కడగడం పొయ్యి మీదికి వెళ్ళే ముందే.

ఇడ్లీ పాత్రలో అడుగున రెండు మూడు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి మరిగించాలి. ఆవిరి జోరుగా రావడం మొదలయ్యాకనే బిస్మిల్లాహ్ అని గుడ్లను రేకుల గుంటల్లో పెట్టి మూత వేయాలి. పచ్చసొన పూర్తిగా గట్టిపడాలంటే పన్నెండు, పదమూడు నిమిషాలు పడుతుంది. నీళ్ళలో ఉడికించేవారు మరిగే నీటిలోకి చిల్లుల గరిటెతో ఒక్కొక్కటిగా నెమ్మదిగా దించి, మంట కాస్త తగ్గించి, పది నుండి పన్నెండు నిమిషాలు ఉంచాలి. పైనుండి జారవిడిస్తే పగులుతుంది. వెడల్పు కొన వద్ద శుభ్రమైన సూదితో చిన్న రంధ్రం చేస్తే గాలి బయటికి పోయే దారి దొరికి పగిలే ప్రమాదం తగ్గుతుంది. ఇదంతా పెద్ద గుడ్ల లెక్క. నాటుకోడి గుడ్లు చిన్నవి కాబట్టి ఒకటి రెండు నిమిషాలు తగ్గించుకోవచ్చు.

ఉడికిన వెంటనే చల్లని నీళ్ళలో వేయాలి. ఐసు ముక్కలు ఉంటే మరీ మంచిది, లేకుంటే కుండలోని నీళ్ళు పోసి, అవి వేడెక్కగానే పారబోసి మళ్ళీ పోయాలి. కనీసం పది నిమిషాలు అలా ఉంచాలి. లోపలి గుడ్డు కొంత కుంచించుకుని పెంకు నుండి తప్పుకుంటుంది. దీనికి ఇంకొక ప్రయోజనం కూడా ఉంది. ఒలిచి కోసిన గుడ్డులో పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని వలయం కనిపించి, ఇది చెడిపోయిందేమోనని భయపడి పారేసినవారిని మేము చూశాము. అది చెడిపోవడం కాదు. ఎక్కువసేపు ఉడికినప్పుడు తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ రంగు ఏర్పడుతుంది. తింటే ఏ హానీ లేదు. సమయం పాటించి, వెంటనే చల్లార్చితే అది రాదు.

ఒలిచేటప్పుడు వెడల్పు కొననే ముందు కొట్టాలి, ఎందుకంటే గాలి గది అక్కడే ఉంది. తర్వాత అరచేతి కింద పెట్టి మెల్లగా దొర్లిస్తే పెంకు అంతటా బీటలు వారుతుంది. ఆ కొన నుండి పొరను పట్టుకొని ఒలవాలి. గోటికి పొర చిక్కిందా, పెంకు దానివెంటే వచ్చేస్తుంది. పొరను వదిలి పెంకును మాత్రమే గిల్లుతూ కూర్చుంటే సూర్యాస్తమయం దాకా ఆ పని తెమలదు. నీళ్ళ గిన్నెలో ముంచి ఒలిస్తే పొరకూ గుడ్డుకూ మధ్య నీరు చేరి మరింత సులువవుతుంది, పెంకు నలుసులు కూడా అక్కడే కడుక్కుపోతాయి. మూతపెట్టిన డబ్బాలో గుడ్లు వేసి గిలకొట్టే పద్ధతిని ఈ మధ్య చాలామంది చూపిస్తున్నారు. బాగా ఒలిచే గుడ్లకు అది పనిచేస్తుంది, ఒలవని గుడ్లను ముద్ద చేస్తుంది. మాకు నచ్చలేదు.

ఉప్పు వేస్తే పెంకు ఊడి వస్తుందని మన ఇళ్ళలో గట్టి నమ్మకం ఉంది. ఒలవడంలో దాని సాయం పెద్దగా ఏమీ లేదు. పగిలిన గుడ్డులోంచి కారే తెల్లసొన ఉప్పునీటిలో త్వరగా గడ్డకట్టి పగులును మూసేస్తుంది, అంతవరకు దాని మేలు. వెనిగర్ సంగతీ అంతే. వంటసోడాలో కొంత తర్కం ఉంది, క్షారగుణం కావాలి కాబట్టి. కానీ ఆ కాసేపట్లో పెంకు దాటి లోపలికి వెళ్ళేది బహుస్వల్పం, పైగా ఎక్కువైతే వాసన. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి వేడి అధికం కాబట్టి పెంకు బాగానే వస్తుంది, అయితే విజిల్ లెక్క తప్పితే గుడ్లు పగలడం, ఆకుపచ్చ వలయం రావడం తప్పవు.

ఇప్పుడు సోదరి అడిగిన రెండవ ప్రశ్న. అఆరాఫ్ సూరా 31వ ఆయతులో అల్లాహ్ తినమనీ త్రాగమనీ అనుమతిస్తూనే మితిమీరవద్దని హెచ్చరించాడు. మన ఇళ్ళలో ఆ హెచ్చరికను ఎక్కువగా గుర్తుచేసేది విందుల తర్వాత, చెత్తకుప్పలో బిర్యానీ చూసినప్పుడు. ఆ హెచ్చరిక భయం నీ మనసులో ఉండడం మంచి సంగతే. కానీ కావాలని పారేయడానికీ, తెలియక చేతిలో చిట్లిపోవడానికీ చాలా తేడా ఉంది. చిట్లిన గుడ్డు రూపం పోగొట్టుకుంది, అంతే. ఆహారంగా దానికి ఏ లోటూ రాలేదు. క్రింద పడిన ముద్దను కూడా మట్టి తుడిచి తినమని, షైతాను కోసం వదలవద్దని దైవప్రవక్త (స) బోధించారు. నేలపాలైన ముద్దకే అంత విలువ ఉన్నప్పుడు పళ్ళెంలోనే ఉన్న గుడ్డు సంగతి చెప్పాలా? ఆ గుడ్లను ఎవరైనా చెత్తలో పోసి ఉంటే దుబారా అక్కడ జరిగింది. ఒలిచిన చేతిని దానికి జవాబుదారీ చేయడం న్యాయం కాదు.

చిట్లిన గుడ్లతో చేసుకోవడానికి చాలా ఉన్నాయి. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేయించి, గుడ్డును చిదిమి కలిపి, కొత్తిమీర చల్లితే సమోసాల్లోకి మంచి కూరు. ఇఫ్తారుకు అది అసలు గుడ్డుకంటే ముందు ఖాళీ అవుతుంది. మిరియాల పొడి జల్లి కిచిడీతో తింటే సెహ్రీకి నిలిచే ఆహారం. కాస్త ఓపిక ఉంటే నర్గిసీ కోఫ్తా చేయండి. సన్నగా రుబ్బిన ఖీమాను గుడ్డు చుట్టూ మందంగా అద్ది వేయిస్తారు కాబట్టి తెల్లసొనకు పడిన గుంటలన్నీ మాంసం కప్పేస్తుంది. కోసినప్పుడు తెలుపు, పసుపు నర్గిస్ పువ్వులాగే కనిపిస్తాయి, ఎవరికీ ఏమీ తెలియదు. గుడ్ల సాలన్‌కు మాత్రం చిట్లినవి పనికిరావు, పచ్చసొన పులుసులో కరిగిపోతుంది.

ఉడికించిన గుడ్లను ఎండపూట గంటల తరబడి బయట ఉంచవద్దు. ఉదయమే ఒలిచి సాయంత్రం ఇఫ్తారుకు పంపడం ప్రమాదకరం. పెంకుతో ఉన్న ఉడికించిన గుడ్డు ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటుంది. ఒలిచినదాన్ని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి ఆ రోజో మరునాడో తినేయాలి. ఉపవాసి ఖాళీ కడుపున తినే పదార్థం కాబట్టి ఈ జాగ్రత్త మరింత అవసరం.

అత్తగారు అన్న ఆ మాట గురించి కూడా ఒకటి చెప్పక తప్పదు. ఆ పెద్దావిడను తప్పుపట్టే అర్హత మాకు లేదు. మస్జిదుకు వెళ్ళవలసిన పళ్ళెం, దగ్గర పడుతున్న మగ్రిబ్, పదిమంది చూపులు, ఆమె కంగారు మాకు అర్థమవుతుంది. బహుశా ఆమె తన కోడలికంలో ఇదే మాట విని ఉండవచ్చు. కానీ దైవప్రవక్త (స) ఎన్నడూ భోజనానికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే విడిచిపెట్టేవారని హజ్రత్ అబూ హురైరా (రజి) తెలియజేశారు. వండినదానికే వంక పెట్టని సంప్రదాయం మనది. వండిన మనిషికి, ఆమె పుట్టింటికి, ఆమె తల్లికి వంక పెట్టే అలవాటు మనకు ఎక్కడి నుండి వచ్చింది? పైగా ఈ సందర్భంలో ఆ అమ్మాయి తల్లి వచ్చి ఒలిచినా ఆ గుడ్లు అలాగే చిట్లేవి. అత్తగారు ఒలిచినా చిట్లేవే.

గుమ్మంలో నిలబడిన భర్త విషయంలో మాత్రం మాకు అంత ఓపిక లేదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేస్తూ ఉండేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) జవాబిచ్చారు. ఆ సంప్రదాయాన్ని జుమా ప్రసంగంలో విని తల ఊపే పురుషులు మనలో ఎందరో. ఆ సాయంత్రం ఒక చిన్న బల్ల లాక్కొని భార్య పక్కన కూర్చొని పది గుడ్లు ఒలిచి ఉంటే, అతని చేతిలోనూ తెల్లసొన ఊడి వచ్చేది, ఆ మాట పుట్టడానికే అవకాశం ఉండేది కాదు.

సోదరీ, వచ్చే రంజానులో మీ వంతు వచ్చినప్పుడు, ఇన్‌షాఅల్లాహ్, ఇలా చేయి. గుడ్లు నాలుగైదు రోజుల ముందే తెప్పించమని మామగారితో చెప్పు. ఎందుకో కూడా చెప్పు, ఆయన సంతోషిస్తారు. ఎనభై గుడ్లను ఒకే డేక్సాలో కుమ్మరించకు. అన్ని గుడ్లు ఒకేసారి పడితే మరిగే నీళ్ళు చల్లబడి, చల్లని నీళ్ళతో మొదలుపెట్టిన ఫలితమే వస్తుంది. ఇరవై చొప్పున నాలుగు వాయిలు వేసుకో. ఇడ్లీ పాత్ర చాలకపోతే బిర్యానీ డేక్సాలో అడుగున నీళ్ళు పోసి, చిల్లుల పళ్ళెం ఎత్తుగా నిలబెట్టి ఆవిరి పట్టవచ్చు. వాయికి పావుగంట వేసుకున్నా గంటలో ఉడకడం పూర్తవుతుంది. ప్రతి వాయినీ వేరే గిన్నెలో చల్లార్చి, అస్ర్ నమాజు తర్వాత ఒలవడం మొదలుపెట్టు. నలుగురు కూర్చుంటే మనిషికి ఇరవై వస్తాయి, అరగంట పని. ఆ నలుగురిలో ఒకరు గుమ్మంలో నిలబడే మనిషి అయి ఉండాలి.